తమ్మూజు రెండో రోజు

మెషుల్లాము గురువుగారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన రోజున ఆయన జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్నను శ్రద్ధగా వినేవారు, గడ్డం సవరించుకొనేవారు, తరవాత ఆ పూట చదవవలసిన పాఠం తెరిచేవారు. కొందరు శిష్యులకు జవాబు వారానికి వచ్చేది, కొందరికి ఏడాదికి. ఒకరిద్దరికి జవాబు దొరికేసరికి తాము అడిగిందేమిటో గుర్తుండేది కాదు. మిగతావాళ్ళు ఈ పద్ధతికి అలవాటు పడ్డారు గానీ, పెలట్యాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

అసలు పెలట్యాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కరలేదు. ఇరవై మూడేళ్ళవాడు, చదువులో అందరికంటే ముందు, కోపంలో అంతకంటే ముందు. అతని కోపానికి ఆధారం లేకపోలేదు. యెరూషలేములో అప్పటికి దేవాలయాన్ని మళ్ళీ కట్టుకొన్నారు కాని, ఊరి ప్రాకారం కూలినది కూలినట్టే పడి ఉంది. బబులోను సైన్యం దాన్ని పగలగొట్టి, జనాన్ని చెరపట్టి తీసుకుపోయి నూరేళ్ళు దాటింది. కొందరు తిరిగివచ్చి కూడా అరవై ఏళ్ళు దాటింది. పెలట్యా ముత్తాత ఆ గోడ మీదనే చనిపోయాడు. రోజూ పాఠానికి వచ్చేటప్పుడు అతను ఆ రాళ్ళ గుట్ట పక్కనుంచే నడవాలి. నడిచిన ప్రతిసారీ పళ్ళు కొరుక్కొనేవాడు.

సీవాను నెల చివరలో ఒకరోజు అతను పాఠం మధ్యలో లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, మన పితరులు నెలలను మొదటిది, రెండోది అని లెక్కపెట్టుకొన్నారు. మనమేమో నీసాను, ఈయారు, సీవాను అంటున్నాం. ఇవన్నీ చెరలో నేర్చుకొన్న బబులోను పేర్లు. వాటినైనా ఓర్చుకొంటాను. వచ్చే నెల తమ్మూజు. అది వాళ్ళ దేవుడి పేరు. మన గోడ కూలిన నెలకు, కూల్చినవాళ్ళ దేవుడి పేరా? రోజులకు మనం ఎవరి పేరూ పెట్టుకోలేదు. మొదటి రోజు, రెండో రోజు అంటాం, ఏడోదాన్ని విశ్రాంతిదినం అంటాం. రోజుల దగ్గర అంత పట్టుదల చూపినవాళ్ళం నెలల దగ్గర ఎందుకు లొంగిపోయాం?"

గురువుగారు గడ్డం సవరించుకొని పాఠం తెరిచారు. పెలట్యా కూర్చున్నాడు గాని ఆ పూట ఒక్క ముక్క చెవికెక్కలేదు.

నెల మొదలైందని తేల్చడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. సాయంత్రం పడమటి దిక్కున నెలవంకను కళ్ళారా చూసిన ఇద్దరు సాక్షులు మర్నాడు గురువుగారి దగ్గరికి రావాలి. ఆయన ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, వంక కొనలు ఎటు తిరిగి ఉన్నాయి, కొండకు ఎంత ఎత్తున కనిపించింది అని అడిగేవారు. ఇద్దరి మాటా కలిస్తే "పరిశుద్ధం" అనేవారు. అక్కడున్నవాళ్ళంతా ఆ మాటను రెండుసార్లు తిరిగి అనేవాళ్ళు. దానితో నెల మొదలైనట్టే. ఆ వెంటనే పొట్టేలు కొమ్ము ఊదుతూ వీధివీధికీ వెళ్ళి నెల పేరు చాటాలి. గట్టి గొంతు ఉందని ఆ పని పెలట్యాకు అప్పగించారు.

ఈసారి ఇద్దరు గొర్రెలకాపరులు వచ్చి సాక్ష్యం చెప్పారు. నెల మొదలైంది. పెలట్యా కొమ్ము చేత పట్టుకొని గురువుగారి ఎదుట నిలబడి, ఆ విగ్రహం పేరు తన నోట పలకలేనని, నాలుగో నెల అని మాత్రమే చాటుతానని తెగేసి చెప్పాడు.  పితరులు అలాగే అన్నారు కదా, తప్పేమీ లేదు, వెళ్ళిరమ్మని గురువుగారు అన్నారు. పెలట్యా వీధులన్నీ తిరిగాడు. నాలుగో నెల, నాలుగో నెల అని చాటాడు. జనం విన్నారు, తమలో తాము తమ్మూజు వచ్చిందని చెప్పుకొని పనుల్లో పడ్డారు. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేకపోయేది.

కూలిన గోడకు అవతల, కుమ్మరి హూషాము ఆవం పక్కన, యెమీమా అనే ముసలమ్మ గుడిసె ఉండేది. వయసు ఎనభైకి తక్కువ కాదు. చెరలో పుట్టి, పన్నెండేళ్ళ పిల్లగా నడిచివచ్చిన మనిషి. కళ్ళకు పొరలు కమ్మి చాలా కాలమైంది. ఉన్ని వడికి బతికేది. కొమ్ము మోత ఆమె గుడిసె దాకా వినిపించేది గాని, మాట వినిపించేది కాదు. మిగతా నెలల పేర్లతో ఆమెకు పని లేదు; ఏటా తమ్మూజు దగ్గరపడినప్పుడు మాత్రం హూషాము భార్యను అడిగి తెలుసుకొనేది. ఈసారి వాళ్ళింటిల్లిపాదీ ఆవం చల్లార్చి, మట్టి తవ్వుకు రావడానికి లోయకు వెళ్ళారు. పైగా శీతాకాలం చివర యెమీమా జ్వరంతో పడిపోయింది. పంట వెనకబడిన ఏడు పెద్దలు ఏడాది చివరి నెల అదారును రెండుసార్లు లెక్కించేవాళ్ళు. ఈ ఏడు అలా కలిపారో లేదో ఆమె మంచాన పడి ఉన్న రోజుల్లో తేలిపోయింది, ఎవరూ ఆమెకు చెప్పలేదు. అందుకని ఈ కొమ్ము సీవానుదో తమ్మూజుదో తెలియక, వినగానే కర్ర పట్టుకొని దారి మీదికి వచ్చి నిలబడింది.

ఆమె గురించి ఊళ్ళో ఒక మాట ఉంది. ఏడాదికొకసారి, తమ్మూజు రెండో రోజున, ఆమె పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చొని గుండెలు బాదుకొని ఏడుస్తుందని. బబులోనులో ఆడవాళ్ళు తమ దేవుడు తమ్మూజు చచ్చిపోయాడని ఏడ్చేది కూడా ఆ రోజుల్లోనే. మన ఊళ్ళో కూర్చొని వాళ్ళ దేవుడికోసం ఏడుస్తోందని పెలట్యా ఎప్పుడో నిశ్చయించుకొన్నాడు. ఎవరినీ అడగలేదు. అడగవలసిన అవసరం ఉందని అతనికి తోచలేదు.

అడుగుల చప్పుడు విని యెమీమా అతన్ని ఆపింది.

"నాయనా, కొమ్ము విన్నాను. తమ్మూజు వచ్చిందా?"

పెలట్యాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నుంచి ఏ పేరు పలకకుండా నోరు కట్టుకొన్నాడో, ఆ పేరు ఈ ముసలమ్మ బిడ్డను పిలిచినంత మెత్తగా పిలుస్తోంది.

"రాలేదు" అన్నాడు.

ఆమె ఇంకా ఏదో అడగబోయింది గాని అతను ఆగలేదు. నిజం చెప్పాలంటే అతనికి చాలా హాయిగా అనిపించింది. ధర్మంకోసం కోప్పడ్డాననుకొనేవాడికి కలిగే హాయి మామూలుది కాదు, ఒకపట్టాన దిగదు కూడా. ఒక విగ్రహానికి ఈ ఏడు యెరూషలేములో ఏడ్పు అందకుండా చేశానని లోలోపల మురిసిపోయాడు. వారం రోజులు ఆ మురిపెం మీదనే బతికాడు. మర్నాడు అటునుంచి ఏడ్పు వినిపించలేదని తోటి శిష్యుడొకడు అంటే, చిన్నగా నవ్వాడు.

తొమ్మిదో రోజున పాఠం జరుగుతూ ఉండగా గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. యెమీమా వచ్చింది. గోడలు తడుముకొంటూ, రాళ్ళ గుట్ట ఎక్కి దిగి, ఒంటరిగా ఊళ్ళోకి వచ్చింది. మోకాళ్ళు రెండూ దోక్కుపోయి ఉన్నాయి. శిష్యులు లేచి చోటిచ్చారు. ఆమె కూర్చోలేదు. కొమ్ము ఊదేవాడు ఇక్కడున్నాడా అని అడిగింది. పెలట్యా ఉన్నానన్నాడు. ఆమె ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"హూషాము వాళ్ళు నిన్న వచ్చారు. తమ్మూజు పుట్టి ఎనిమిది రోజులైందన్నారు. నువ్వు నాకు రాలేదని ఎందుకు చెప్పావు?"

పెలట్యా మొదట తడబడ్డాడు, తరవాత గొంతు పెంచాడు. చచ్చిన విగ్రహంకోసం యూదా స్త్రీ ఏడవడం మహాపాపమని, ఆ పాపం నుంచి ఆమెను తప్పించానని అన్నాడు. శిష్యులు గురువుగారి వంక చూశారు.  ఆయన చేతిలో తెరిచి ఉన్న గ్రంథపు చుట్ట పట్టు తప్పి తనంతట తాను చుట్టుకుపోయింది.

యెమీమా చాలాసేపు మాట్లాడింది.  కోపం ఆమెను నిటారుగా నిలబెట్టింది. బబులోనులో తన తల్లి కాలవ తవ్వే పనిలో ఉండేదని చెప్పింది. ఆ కాలవ మీది అధికారికి ఒక మూఢనమ్మకం. తవ్వేచోట ఏడ్పు వినిపిస్తే నీళ్ళు ఇంకిపోతాయట. ఏడ్చినవాళ్ళను కొరడాతో కొట్టించేవాడు. యెమీమాకు ఒక తమ్ముడు ఉండేవాడు, పేరు షల్లూము, రెండేళ్ళవాడు. శెబాటు నెల చలిలో దగ్గి దగ్గి చనిపోయాడు. తల్లి వాణ్ణి పాతిపెట్టి మర్నాడు తట్ట మోయడానికి వెళ్ళింది. కన్ను తడవలేదు. శెబాటు పోయింది, అదారు పోయింది, నీసాను పోయింది. తట్ట మోస్తూనే ఉంది. ఏడవడానికి అనుమతి ఉన్న నెల ఏడాదికి ఒక్కటే.

"తమ్మూజు రెండో రోజున ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి ఏడ్చేది. ఆ రోజు ఎవరు ఏడ్చినా ఎవరూ అడగరు. మా అమ్మ ఆ గుంపులో దూరి షల్లూమూ షల్లూమూ అని ఏడ్చింది. ఐదు నెలలు దాచుకొన్న ఏడ్పు. ఆ దేవుడెవడో మా అమ్మకు తెలియదు, నాకూ తెలియదు. ప్రతి ఏడూ అదే రోజు ఏడ్చేది. అమ్మ పోయాక ఆ రోజు నాది. వాడికోసం ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను."

పెలట్యా తల వంచుకొన్నాడు. కాని ఆమె చూడలేదు కదా, ఆగలేదు.

"విశ్రాంతిదినం ఎప్పుడో నేను ఏనాడూ ఎవరినీ అడగలేదు. అది ఆకాశంలో కనిపించదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకొంటేనే ఉంటుంది, మానేస్తే పోతుంది. అధికారికి కనిపించలేదు కాబట్టే వాడు దాన్ని మా దగ్గర్నుంచి లాక్కోలేకపోయాడు. అది లెక్కపెట్టుకోవడానికి నాకు కళ్ళు అక్కరలేదు. నెల అలా కాదు. కళ్ళున్నవాడు చూసి చెప్పాలి. నువ్వు చెప్పలేదు. నువ్వు రాలేదన్నావు. ఆ రెండో రోజున నేను ఉల్లిపాయ నంజుకొని రొట్టె తిన్నాను. ఉన్ని వడుకుతూ పాట పాడాను. మా తమ్ముడి రోజున నేను పాట పాడాను."

 మెషుల్లాము గురువుగారు లేచి ఆమె దగ్గరికి వెళ్ళి, తెలియక తప్పిన ఉపవాసాన్ని మరో రోజున ఉండవచ్చని, తాను కూడా ఆమెతోపాటు ఉంటానని నెమ్మదిగా చెప్పారు. ఆమె తల అడ్డంగా ఊపింది. వద్దని చెప్పడంలో కూడా ఆయనమీద గౌరవం తగ్గించలేదు. రెండో రోజు అంటే తల్లి ఏడ్చిన రోజని, ఇంకో రోజు కూర్చుంటే ఒట్టి ఆకలే గాని ఇంకేమీ కాదని అన్నది. ఇంకో తమ్మూజు దాకా తానుంటానో లేదో దేవుడికే తెలుసునని, ఉంటే హూషాము భార్యనే అడుగుతానని అన్నది.

ఆమె వెనుదిరిగింది. పెలట్యా గబగబా లేచి, ఇంటిదాకా దిగబెడతానని చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె ఆ చెయ్యి విదిలించుకొన్నది.

"ఒకసారి నీ కళ్ళను నమ్మాను. చాలు."

కర్ర చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. రాళ్ళ గుట్ట దగ్గర ఆగింది, మళ్ళీ మెల్లగా మొదలైంది. ఇద్దరు శిష్యులు ఎవరూ చెప్పకుండానే లేచి ఆమెకు తెలియనంత దూరంలో వెనకాలే వెళ్ళారు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకొన్నారు. ఆ పూట ఇక పాఠం జరగదని అందరికీ అర్థమైంది.

పెలట్యా ఒక్కడే మిగిలాడు. అతనికి సిగ్గుగా ఉంది. సిగ్గుపడడం అలవాటు లేనివాడు కాబట్టి అది కూడా కోపంగానే బయటికి వచ్చింది. తన ముత్తాత చావు అబద్ధమా అన్నాడు. గోడ కూలడం అబద్ధమా అన్నాడు. ముసలమ్మ సంగతి తనకు ముందే ఎవరైనా ఎందుకు చెప్పలేదన్నాడు. ఆ చెప్పనివాళ్ళలో గురువుగారు కూడా ఉన్నారని అర్థమయ్యేలాగే అన్నాడు. మెషుల్లాము గురువుగారు దానికి ఒప్పుకొన్నారు. వెళ్ళిరమ్మన్నది నేనే కదా అన్నారు. ఆయన అలా ఒప్పుకొనేసరికి పెలట్యాకు కోప్పడడానికి ఎదుట ఎవరూ లేకుండా పోయారు. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. చివరికి, తాను చేసిన తప్పు ఏమిటో చెప్పమని, ఈ ఒక్కసారికి రేపటిదాకా ఆపవద్దని బతిమాలుకొన్నాడు. పేరు మీద కోపం రావడమే తప్పా అని అడిగాడు.

గురువుగారు అడిగిన రోజునే జవాబు చెప్పడం శిష్యుల్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు చెప్పారు.

"కోపం తప్పు కాదు, పెలట్యా. నాకూ ఉంది. నీ కోపం బబులోను దాకా నడవవలసింది. అంత దూరం నడవలేక, దగ్గర్లో గుడిసె కనిపిస్తే అందులోకి వెళ్ళింది."