తొలిగుక్క తల్లి

మారిషస్ దీవికి నైరుతి దిక్కున, బెల్‌రోష్ అనే చిన్న ఊరి చివర తొలిగుక్క తల్లి కొలువై ఉంది. బస్సు దిగగానే యాత్రికులకు కనిపించేది సముద్రం. దూరంగా పగడపు దిబ్బ మీద అలలు తెల్లగా విరిగిపోతుంటే, ఇవతలి నీరు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పచ్చగా ఉంటుంది. వెనక్కి తిరిగితే నల్లని కొండ, దాని మీంచి దూకే జలపాతం, పక్కనే ఎరుపు, ఊదా, పసుపు పొరలు తేలిన మట్టి దిబ్బలు. ఫొటోల సరదా ఉన్నవారు అక్కడే ఆగిపోతారు. మొక్కు ఉన్నవారు చెరకు తోట గట్టు పట్టుకుని ఇంకో ఫర్లాంగు నడవాలి. గుడిలో మూలవిరాట్టు మూరెడు నల్లరాయి. కడుపు లావుగా, మెడ సన్నగా, సొరకాయ బుర్రలా ఉంటుంది. కళ్ళూ ముక్కూ లేవు. ఇదేం విగ్రహమని అడగని యాత్రికుడు లేడు.

పూర్వం ఇక్కడ మనుషులే లేరు. డోడో అనే ఎగరలేని పక్షి ఉండేది. డచ్చివారు వచ్చినప్పుడు, మనిషిని చూస్తే పారిపోవాలని దానికి తోచలేదు. అనుమానమంటే తెలియని ఆ పక్షి కొన్ని దశాబ్దాలలోనే నామరూపాలు లేకుండా పోయింది. తరువాత ఫ్రెంచివారు వేలమంది బానిసలను తెచ్చారు. బానిసత్వం రద్దయ్యాక ఇంగ్లీషువారు చెరకు పనికి మనవాళ్ళను కోరంగి రేవులో ఓడ ఎక్కించారు. అలా ఎక్కినవారిలో ఎర్రినాయుడు, అతని భార్య గవరమ్మ ఉన్నారు.

ఆ దీవిలో రాయి తిరగేస్తే బంగారమని రేవులో దళారి నవ్వుతూ చెప్పాడు. గవరమ్మ వచ్చిన వారంలోనే పాతిక రాళ్ళు తిరగేసింది. జెర్రులు కనిపించాయి. అప్పటినుంచి ఆమె ఎవరినీ నమ్మలేదు. తోటలో పని చేయించే సర్దారు బాగున్నావా అని పలకరిస్తే, ఎందుకడిగాడా అని సాయంత్రం దాకా ఆలోచించేది. అందరికీ రెండు కళ్ళు, గవరమ్మకు నాలుగని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే కదా, ఆమెను తప్పు పట్టలేం.

ఒక ఏడు పెద్ద తుపాను వచ్చింది. కూలీల బావిలోకి మురుగు చేరింది. జలపాతం కూడా బురదై దూకింది. వారం తిరిగేసరికి గుడిసె గుడిసెలోనూ వాంతులు, విరేచనాలు. గవరమ్మ మూడేళ్ళ కూతురు నీలమ్మకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. మంచినీళ్ళు దొరికితే బతుకుతుంది, లేకపోతే ఆశ లేదని పెద్దవాళ్ళు తేల్చి చెప్పారు.

ఆ మధ్యాహ్నం బిడ్డ పక్కన కూర్చున్న గవరమ్మకు కునుకు పట్టింది. కలలో పసుపు చీర కట్టుకున్న ఒక ముత్తయిదువ కనిపించి, రంగుమట్టి దిబ్బ వెనుక నల్లరాతి కింద ఊట ఉంది, తెచ్చి బిడ్డకు పట్టమంది. ఇంకొకరైతే లేచి దణ్ణం పెట్టేవారు. గవరమ్మ కలలోనే నిలదీసింది.

"నువ్వెవులివి?"

"మీ ఊరి అమ్మోరిని."

"సముద్రం దాటితే అమ్మోరు రాదన్నారు. నువ్వెలాగొచ్చినావు?"

"నువ్వెక్కిన ఓడే నానూ ఎక్కినాను."

"ఓడలో అందరి పేర్లూ రాసుకున్నారు. నీ పేరు ఇన్లేదే."

అమ్మవారు నవ్వి మాయమైంది. ఆ దళారి కూడా ఇలాగే నవ్వాడని గవరమ్మకు గుర్తొచ్చింది. అయినా బిడ్డ ముఖం చూసి కుండ చంకనెత్తుకుంది.

చెప్పిన చోటనే ఊట ఉంది. దాని పక్కన ఒక క్రియోల్ ముసలామె, కొండల్లోకి పారిపోయి బతికిన బానిసల సంతతి కాబోలు, సొరకాయ బుర్రలో నీళ్ళు పట్టుకుంటోంది. ఒకరి మాట ఒకరికి రాదు. ముసలామె బుర్ర చాచింది. ఏమీ కానిదానికి ఈమె నీళ్ళెందుకిస్తుంది? ఇందులో ఏం కలిపింది? గవరమ్మ ముందు నువ్వు తాగమని సైగ చేసింది. ముసలామె ఒక గుక్క తాగి మళ్ళీ చాచింది. ఇప్పుడు అది ఎంగిలి. తాగని నీళ్ళను నమ్మలేదు, తాగిన నీళ్ళను ముట్టలేదు. బుర్రను పక్కకు నెట్టి, ముసలామె ఎప్పుడు పడిపోతుందా అని చూస్తూ కూర్చుంది. ముసలామె కోపం తెచ్చుకోలేదు. ఊట మీది రాతి నీడ అవతలి గట్టుకు చేరేదాకా అలాగే ఎదురుగా నిలబడింది. అప్పుడు గవరమ్మ తన కుండను ఊటలో ముంచుకుని, ఆమె వైపు చూడకుండా పరుగెత్తింది.

గుడిసె దగ్గర జనం మూగారు. నీలమ్మ కళ్ళు తేలేసి ఉంది. కుండ బిడ్డ నోటికి అందించబోతే ఎర్రినాయుడు చెయ్యడ్డం పెట్టాడు.

"ఎక్కడి నీల్లో ఏటో. ముందు నువ్వు తాగు."

కట్టుకున్నవాడే ఆ మాట అన్నాడు. తాను ఆ ముసలామెకు చేసింది ఏమిటో గవరమ్మకు అప్పుడు తెలిసింది. కూర్చుని గడిపిన ఆ పొద్దంతా బిడ్డ ప్రాణంలోంచి పోయిందని కూడా తెలిసింది. అందరూ చూస్తుండగా గుక్కెడు తాగి, మిగిలినది చుక్కచుక్కగా బిడ్డకు పట్టింది. నీలమ్మ మింగింది. అమ్మా అంది. ఆ తరువాత కుండ చేతులు మారింది. ఎంగిలి మాట ఎవరూ ఎత్తలేదు.

మరునాడు క్షమించమని అడగడానికి గవరమ్మ ఊట దగ్గరకు వెళ్ళింది. ముసలామె లేదు. అలాంటి మనిషిని ఎరగమని కొండమీది క్రియోల్ వాళ్ళు సైగలతో చెప్పారు. ఆమె నిలబడిన చోట, నిన్న లేని ఈ మూరెడు నల్లరాయి ఉంది. అమ్మోరా, మనిషా అన్నది గవరమ్మకు చివరిదాకా తేలలేదు. "ఇద్దరికీ దణ్ణం ఎట్టీసినాను. ఎవులిది ఆలు అందుకుంటారు" అనేది. రాతికి పందిరి వేసి, బతికినన్నాళ్ళూ దారినపోయేవారిని పిలిచి, వాళ్ళు అడగకముందే తాను ఒక గుక్క తాగి నీళ్ళిచ్చేది.

ఆ ఆచారమే నేటికీ సాగుతోంది. ఇది శాస్త్రసమ్మతం కాదన్న పెద్దలు కూడా చివరకు వరుసలో నిలబడ్డారు. ఈ సన్నిధిలో పూజారి తీర్థం ఇవ్వడు. భక్తులు వరుసగా నిలబడి ఒకరికొకరు ఇచ్చుకోవాలి. భార్యాభర్తలు, తల్లీబిడ్డలు పక్కపక్కన నిలబడకూడదు. మీరు సొరకాయ బుర్రలోని ఊటనీరు ఒక గుక్క తాగి, వెనుక ఉన్న ముఖపరిచయం లేని మనిషికి బుర్ర అందించాలి. ఆ మనిషి వెంటనే తాగకుండా మీ ముఖం చూస్తూ ఆగితే, తన అనుమానం తీరేదాకా మీరు కదలకూడదు, చిరాకు పడకూడదు. ఇలా చేసినవారి పిల్లలకు జబ్బులు రావని, ఇంటి బావి చెడదని నమ్మకం. వరుసలో చివరివారికి వెనుక ఎవరూ ఉండరు. వారు బుర్ర నింపుకుని రోడ్డు మీదకు వెళ్ళి, మొదట కనిపించిన మనిషిని ఆపి, ఆ మనిషి తాగాకే ఇంటిదారి పట్టాలి.