తెర వెనక గొంతు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే వీరకేతు మహారాజుకు తన మాటంటే తనకే మహా ముచ్చట. అంగడి మండపమెక్కాడంటే జనం ఈలలు వేసేదాకా దిగేవాడు కాడు.

ఆ ఏడు పంటలు పోయాయి. రాజు ఏం చెప్పినా ఈల పడలేదు. అప్పుడు చెయ్యెత్తి రేవువీధి వైపు చూపించాడు. అక్కడ ముస్లిములు తరతరాలుగా ఓడలు కడుతూ, నడుపుతూ కాపురముంటున్నారు.

"వాళ్ళు మనవాళ్ళు కారు. మన ఉప్పు తింటూ సముద్రం అవతలివాళ్ళ మేలు కోరతారు. ఓ కంట కనిపెట్టి ఉండండి," అన్నాడు.

జనం హోరెత్తారు. రాజుకు రుచి తగిలింది. ఇక ప్రతి సంతనాడూ అదే మాట.

కొన్నాళ్ళకు రేవు మూగబోయింది. ఆవలి తీరపు సుల్తాను ఏటా పంపే గుర్రాలు రాలేదు. ఉత్తరాన శత్రువు దండు కూడగడుతున్నాడు. ఇక్కడ గుర్రపుసాలలు ఖాళీ.

చివరికి పొగమంచు కమ్మిన ఒక ఉదయం సుల్తాను జెండాతో రాయబారి ఓడ వచ్చి దూరాన ఆగింది. లంగరు వేయలేదు. శంఖం ఊదితే బదులు లేదు. పైన మనిషి అలికిడి లేదు. మంచు పలచబడినప్పుడు కనిపించేది, మళ్ళీ మాయమయ్యేది. మర్నాడూ అంతే.

రాజు దుబాసి తిప్పనను పిలిపించాడు. పరదేశుల మాట రాజుకూ, రాజు మాట పరదేశులకూ చెప్పే కొలువు అతనిది.

"పోయి రాయబారిని తీసుకురా. వాళ్ళంటే నాకు ప్రాణమని చెప్పు."

తిప్పనను పడవలో తీసుకెళ్ళింది రేవువీధి సరంగు ఖలందర్. పూర్వం రాజుగారి గుర్రాలను ఎన్ని తుఫానుల్లోంచో దాటించిన ముసలివాడు. ఇప్పుడతను బావి దగ్గరికి వస్తే పక్కవాళ్ళు బిందెలు దూరం జరుపుకుంటున్నారు.

తిప్పన ఓడ కింద నిలబడి రాజు మాట వినిపించాడు. పైనుంచి ఒక గొంతు మాత్రం దిగింది. "మీ రాజుగారి మాట మాకు ఇదివరకే అందింది."

తిరుగుదారిలో తిప్పన సరంగు వైపు తిరిగాడు.

"ఖలందర్, రాజుగారి అంగడి మాటలు నీకు గుర్తున్నాయా?"

"మరిచిపోదామంటే కుదరడం లేదయ్యా."

"సభలో చెప్పగలవా? మనిద్దరి తలలూ పోవచ్చు."

ఖలందర్ తెడ్డు ఆపాడు. "ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరిగి చాన్నాళ్ళయింది. చెబుతాను."

తిప్పన సభలో తెర కట్టించాడు. "తమ మాట వినవలసినవారు తెర వెనక ఉన్నారు ప్రభూ," అన్నాడు.

రాయబారే అనుకుని రాజు గొంతు సవరించుకున్నాడు. "మీరూ మేమూ అన్నదమ్ములం."

"వాళ్ళు మనవాళ్ళు కారు," అంది తెర వెనక గొంతు.

రాజు స్వరం పెంచాడు. "మీవాళ్ళను కంటికి రెప్పలా చూసుకుంటున్నాం."

"ఓ కంట కనిపెట్టి ఉండండి."

ఆ గొంతులో కోపం లేదు. అవే మాటలు, రాజు ఆగినచోటే ఆగుతూ, రాజు ఒత్తినచోటే ఒత్తుతూ వస్తున్నాయి. రాజు లేచి వెళ్ళి తెర లాగేశాడు. వెనక ఖలందర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాయబారి ఏడీ?"

"ఓడలోనే ఉన్నారు ప్రభూ. ఆయన చెవిలో మోగుతున్నది తమకూ వినిపించాను," అన్నాడు తిప్పన.

"అది నా జనం కోసం అన్న మాట. వాళ్ళ కోసం కాదు."

"ఖలందర్ తమ జనం కాడా ప్రభూ? పైగా ఆ మాట నాకంటే ముందే ఓడెక్కి, వాళ్ళ భాష నేర్చుకుని మరీ అక్కడికి చేరింది. ఇక దుబాసికి జీతం దండగ. సెలవిప్పించండి."

రాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. కిటికీలోంచి మంచు సభలోకి పాకుతోంది. ఖాళీ గుర్రపుసాలలు గుర్తొచ్చి రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం చెయ్యమంటావు?"

"రాయబారికి చెప్పదలచింది అంగట్లో చెప్పండి."

రాజు మండపమెక్కాడు. "రేవువీధి వాళ్ళు మనవాళ్ళే. నేనన్నది తప్పు," అన్నాడు. ఒక్క ఈల పడలేదు. అన్ని కళ్ళూ రెప్పవేయకుండా అతన్నే చూశాయి. అయినా చివరిదాకా చెప్పి దిగాడు.

ఖలందర్ వెళ్ళి రాయబారిని ఒడ్డుకు తెచ్చాడు. రాయబారి చెప్పింది తిప్పన సభలో వినిపించాడు. "సగం గుర్రాలు ఇప్పుడే దించుతారట ప్రభూ. మిగతా సగం, ఏడాది పాటు తమ అంగడి మాటలు విన్నాక."

రాజు పకపకా నవ్వి తన శాలువా తీసి తిప్పనకు కప్పాడు. ముత్యాల హారం ఖలందర్ మెడలో వేశాడు. మరో మాట చెప్పబోయి, కిటికీ బయటి మంచులోని ఓడకేసి చూసి, గొంతు తగ్గించాడు.