తలుపు లేని చోట పైడి బువ్వ

అనగనగా, ఎటు చూసినా చెరుకు తోటలే ఉన్న ఒక ఊళ్ళో, బెల్లం వండుకునే వాళ్ళ ఇల్లొకటి ఉండేది. ఆ ఇంట్లో పైడి అని ఒక చిట్టి పిల్ల. నీకంటే చిన్నదిరా బుజ్జీ, పేచీ మాని ఈ ముద్ద అందుకో. అప్పుడే పళ్ళొచ్చాయి, పరుగులొచ్చాయి. అన్నం మాత్రం, ఊహూఁ! నోట్లో పెడితే ఉమ్మేసేది. బుగ్గలు పీక్కుపోయాయి, కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి. పిల్ల ఏమైపోతుందో అని వాళ్ళమ్మ నూకరత్నం బెంగ పెట్టేసుకుంది.

ఆ పైడికి ఒక నాయనమ్మ ఉండేది. అబ్బో, ఆవిడకి దిష్టి అంటే ఎంత భయమో! పిల్ల తింటుంటే ఎవరూ చూడకూడదు. పెద్దవాళ్ళు తింటుంటే పిల్లా చూడకూడదు. తలుపెయ్యాలి, కిటికీ మూయాలి, చీకట్లో గుటుక్కున మింగించెయ్యాలి. నాయనమ్మలంతా అంతేలే, అమ్మమ్మలకున్న తెలివి వాళ్ళకెక్కడిది? ఇదిగో, ఈ మాట మీ నాయనమ్మకి చెప్పావంటే రేపు కథ లేదు.

మొదట అమ్మ తలుపేసింది. పప్పన్నంలో నెయ్యేసి, మెత్తగా పిసికి, ముద్దలు చేసి, పాటలు పాడింది. "ఆఁ అనమ్మా, మా తల్లి కదూ" అంది. పైడి పెదాలు బిగించేసి చేత్తో ఒక్క తోపు తోసింది. ముద్ద వెళ్ళి గోడకి అతుక్కుంది.

అప్పుడు నాన్న అప్పలస్వామి తలుపేశాడు. కోడిలా కూశాడు, ఏనుగులా ఊగాడు, పిల్లని వీపు మీద ఎక్కించుకుని గదంతా పాకాడు. పైడి పకపకా నవ్వింది. ఇదే అదననుకుని నోట్లో ముద్ద పెట్టాడు. ఆ ముద్ద తుపుక్కున వచ్చి ఆయన మీసాల మీదే పడింది.

ఆ తర్వాత నాయనమ్మ తలుపేసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో పడేసింది. గదంతా ఘాటు! నాయనమ్మ తుమ్మింది, దగ్గింది, మళ్ళీ తుమ్మింది. పైడి మాత్రం అన్నం గిన్నె చూడగానే మంచం కిందికి దూరిపోయింది.

ఎందుకో తెలుసా? ఆ తలుపేసిన గదిలోనే, అలాగే "ఆఁ అను" అంటూ, నాయనమ్మ దానికి ఆముదం పట్టేది. పాపం ఆ పిచ్చితల్లి అన్నం కూడా మందే అనుకుంది. అనుకోదూ మరి? ఇంట్లో ఒక్కళ్ళైనా తింటుండగా చూస్తేగా!

అప్పుడు నూకరత్నం మొండిపట్టు పట్టింది. "నా బిడ్డ తినందే నేనూ తినను" అని మంచినీళ్ళతో సరిపెట్టుకుంది. మర్నాడు తోట పక్కన, ఆరుబయట కల్లంలో బెల్లం వంట. ఇరుగుపొరుగు వాళ్ళంతా సాయానికొచ్చారు. పొయ్యి మీద ఇంత పెద్ద పెనం, దాన్నిండా కుతకుతలాడే చెరుకు పాకం. అది కలుపుతూ కలుపుతూ నూకరత్నం కళ్ళు తిరిగి తూలింది. ఇంకాస్తయితే ఆ పాకంలోనే పడిపోయేది! అప్పలస్వామి ఒక్క దూకు దూకి, చెయ్యి పట్టి ఇవతలికి లాగేశాడు.

నాయనమ్మ లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చింది. కోడల్ని పొయ్యికి దూరంగా నీడలో కూర్చోబెట్టి, పెరుగన్నం కంచం ముందు పెట్టింది. "ఓలమ్మా, ముందు నువ్వు తినే తల్లీ!" అంది.

"పిల్ల చూస్తంది అత్తా" అంది నూకరత్నం.

నాయనమ్మ తలుపెయ్యడానికి గబుక్కున లేచింది. లేచి, అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ చతికిలబడింది. కల్లానికి తలుపెక్కడిదిరా!

నూకరత్నం తినసాగింది. ఆకలి మీదుంది కదా, ఆవురావురుమంటూ తింది. పైడి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. అమ్మ చెయ్యి కంచంలోకి వెళితే కంచం చూసింది, నోటి దగ్గరికి వెళితే నోరు చూసింది. అమ్మ మింగింది. ఆముదం మింగినట్టు మొహం పెట్టలేదు. పైగా ఇంకో ముద్ద తీసుకుంది!

అప్పుడు పైడి మెల్లిగా కంచంలో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. సగం గడ్డం మీద, సగం గౌను మీద పడ్డా, మిగిలింది మింగేసింది. మళ్ళీ గుప్పెడు తీసుకుంది. అప్పలస్వామి పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదొయ్యడం కూడా మర్చిపోయాడు.

నూకరత్నానికి సంతోషంతో కళ్ళు నిండిపోయాయి. ఇంక తినలేక చెయ్యి ఆపేసింది. పైడికి అది నచ్చలేదు. చిట్టి చేత్తో ఇంత ముద్ద తీసి, అమ్మ నోటి దగ్గర పెట్టి, "ఆఁ" అంది. అమ్మ తింది. అది తింటే ఎంత బావుందో అమ్మకే తెలుసు.

ఆ తర్వాత ఆ చెయ్యి నాయనమ్మ వైపు తిరిగింది. "ఆఁ!"

నాయనమ్మ చుట్టూ చూసింది. కల్లంలో వాళ్ళంతా పని మానేసి ఇటే చూస్తున్నారు. అయినా దిష్టి మాట ఎత్తలేదురా. బోసినోరు బార్లా తెరిచి ముద్ద అందుకుని, "ఇంకోటి ఎట్టవే, నా తల్లే!" అంది.

బువ్వేమో బొజ్జలోకి జారింది,
బుజ్జిగాడి పేచీ ఇక తీరింది.
కథేమో కంచి దారి పట్టింది,
నిద్రొచ్చి మన ఇంటి తలుపు తట్టింది.