సింగారి జాగా

అనగనగా, ఎండలు ముదరకముందే మడుగులన్నీ ఎండిపోయే ఒక అడవిలో సింగారి అనే ఉడుత ఉండేది. ఒక్క క్షణం కుదురుగా కూర్చునేది కాదు. నోరు కూడా అంతే, మూతపడేది కాదు. అలాంటి సింగారి ఒక పూటంతా నోరు మూసుకుని కూర్చుంది. ఎందుకో చెబుతాను, వినండి.

ఆ అడవికి అవతల పెద్ద లోయ ఉండేది. లోయ దాటితే ఊటకొండ. ఆ కొండ మీద నీళ్లు ఏ ఎండకూ ఇంకిపోవు. అందుకని వేసవి వస్తోందంటే చాలు, చిన్నా చితకా జంతువులన్నీ ఊటకొండకు ప్రయాణం కట్టేవి. నడిచి వెళ్లాలంటే కాళ్లు అరిగిపోతాయి. దారిలో నక్కలు. మరి ఎలా వెళ్లేవి?

ఎగిరి వెళ్లేవి! సారంగమ్మ తీసుకెళ్లేది.

సారంగమ్మ ఒక బెగ్గురు కొంగ. నిలబడితే మీ నాన్నంత ఎత్తు. రెక్కలు చాపితే ఒక గది పట్టదు. ఆమె కాళ్లకు ఒక వెదురుబుట్ట కట్టి ఉండేది. అందులో ఎక్కి కూర్చుంటే లోయ దాటించేది. పిల్లలంటే ఆమెకు ప్రాణం. మాట మాత్రం కాస్త కరుకు.

బుట్ట ఒక్కటే. జాగా కొంచెం. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక్కొక్కరు ఒక వెలగచిప్ప నిండా తిండి ఊరికే తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే, మించిన ప్రతి చిప్పకూ ఒక గుప్పెడు గడ్డిగింజలు సారంగమ్మకు సుంకం ఇవ్వాలి. మనం విమానం ఎక్కేటప్పుడు పెట్టెలు తూచి, బరువు ఎక్కువైతే డబ్బు కట్టమంటారు చూడండి, అదే పద్ధతి. మొన్న మీ నాన్న మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు కదా? నవ్వకండి. సింగారి అంతకంటే పెద్ద పని చేసింది.

ఆ ఏడు ప్రయాణం ముందురోజు ఊటకొండ నుంచి ఒక చిలుక వచ్చింది.

"సింగారీ, మీ అక్క బంగారి ఈనింది. నలుగురు పిల్లలు. కానీ దాచుకున్న గింజలన్నీ కోతులు ఊడ్చుకుపోయాయి. తినడానికి ఏమీ లేక నీరసంగా పడి ఉంది. పిల్లలకు పాలు చాలడం లేదు" అని చెప్పింది.

సింగారి గుండె కలుక్కుమంది. కిందటి వేసవిలో తన కాలు విరిగితే, రెండు నెలలు నోట్లో ముద్ద పెట్టి సాకింది ఆ అక్కే.

సింగారి తొర్రలో నాలుగు చిప్పల సారపప్పు ఉంది. "మొత్తం అక్కకే తీసుకెళ్తాను" అనుకుంది. ఒక చిప్పకు సుంకం లేదు. మిగిలిన మూడింటికి మూడు గుప్పెళ్ల గడ్డిగింజలు కావాలి. ఆ ఏడు వానలు లేవు. గడ్డిగింజలు దొరకడమే గగనం.

"ఆ సారంగమ్మకు ఎంత ఆశ! బాలింతకు పట్టుకెళ్లే తిండి మీద కూడా సుంకమా?" అని సణుక్కుంది. వెళ్లి ఒక్క మాట అడుగుదామని మాత్రం తోచలేదు. అడిగితే కాదంటారని తనకు తానే అనేసుకుంది.

తెల్లారగానే ఏం చేసిందో తెలుసా? ఒక చిప్ప సారపప్పు బుద్ధిగా మూట కట్టింది. రెండో చిప్ప బుగ్గల్లో కుక్కుకుంది. మూడో చిప్ప పొట్టకు ఆకుల పట్టీతో కట్టుకుంది. నాలుగో చిప్ప తోకలో దాచి, తోక పైకెత్తి చుట్టుకుంది. అద్దం లేదు కాబట్టి సరిపోయింది గానీ, చూసుకుంటే తనకే నవ్వొచ్చేది.

ప్రయాణమయ్యే చోట ముంగిస గురవయ్య కూర్చుని ఉన్నాడు. చింతకొమ్మకు తక్కెడ వేలాడదీసి, మూటలు తూచడం ఆయన పని.

"ఇబ్బంది ఉన్నవాళ్లు నోరు తెరిచి చెప్పండర్రా! తర్వాత చెబితే లాభం లేదు!" అని రోజూ అరిచినట్టే ఆ రోజూ అరిచాడు.

ముందు తాబేలు అవ్వ వచ్చింది. పేరు నాగరత్నం. "గురవయ్యా, నా ఇల్లు నా వీపు మీదే ఉంది. దానికీ సుంకం అంటావా ఏంటి?" అని అడిగింది.

"అది మూట కాదవ్వా, నీ ఒళ్లు. ఎక్కు, ఎక్కు" అన్నాడు గురవయ్య నవ్వుతూ.

తర్వాత ముళ్లపంది పోలయ్య, కుందేలు తాత కోటయ్య మూటలు తూయించుకుని ఎక్కారు. చివరికి సింగారి వంతు వచ్చింది.

గురవయ్య ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. "ఏమ్మా సింగారీ, పొట్ట ఎత్తుగా ఉంది. కడుపుతో ఉన్నావా?" అని అడిగాడు.

సింగారి నోరు తెరిస్తే సారపప్పు రాలుతుంది. ఏం చేస్తుంది? తల ఊపింది.

"అయ్యో తల్లీ, చెప్పవేం మరి! ముఖం కూడా ఉబ్బిపోయింది. సారంగమ్మా, కడుపుతో ఉన్న పిల్ల వస్తోంది, ఇంకో నాలుగు గింజలు తిని బయల్దేరు!" అని కేకేశాడు గురవయ్య.

సారంగమ్మ నాలుగు గింజలు తిని రెక్కలు చాపింది.

బుట్టలో అంతా ఇరుకు. సింగారి ఎక్కగానే కోటయ్య తాత లేచాడు. బుట్టలో ఒక మూల మెత్తటి గడ్డి ఉంది. ముసలాయన మోకాళ్ల నొప్పులతో అక్కడ కూర్చున్నాడు.

"నువ్వు ఇక్కడ కూర్చో అమ్మా. కడుపుతో ఉన్నదానివి" అని ఆ చోటు ఇచ్చేశాడు.

పోలయ్య తన ముళ్లన్నీ ఒంటికి అణిచి పెట్టుకున్నాడు. ముళ్లపందికి అది ఎంత కష్టమో మనకు తెలియదు. మనం గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు. "నీకు గుచ్చుకోకూడదు కదమ్మా" అన్నాడు.

నాగరత్నం అవ్వ గొడుగంత తామరాకు తీసి సింగారి తల మీద ఎండకు అడ్డం పెట్టింది. "వేవిళ్లు తగ్గాయా తల్లీ?" అని అడిగింది.

సింగారి తల ఊపింది. ఆ ఊపడంలో మెడ సగమే కదిలింది. మెత్తటి గడ్డి మీద కూర్చున్నా ఆమెకు ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది.

లోయ నడిమికి వచ్చేసరికి సారంగమ్మ ఊపిరి బరువెక్కింది. బుట్ట ఒక పక్కకు ఒరిగింది. కింద రాళ్లు నోరు తెరుచుకుని ఉన్నాయి.

"ఏదో తేడాగా ఉందర్రా!" అంది సారంగమ్మ. "బరువుకు తగ్గట్టే గింజలు తిన్నాను. ఎన్ని చిప్పలు ఎక్కువైతే అన్ని గుప్పెళ్లు తింటాను. తక్కువ తింటే రెక్క ఆడదు, ఎక్కువ తింటే నా పొట్టే బరువవుతుంది. ఇన్నేళ్లలో లెక్క తప్పలేదు. ఈ పూట రెక్క లేవడం లేదు. ఏదైనా కింద పడేయండి!"

అప్పుడు తెలిసింది సింగారికి. సుంకం సారంగమ్మ ఆశ కోసం కాదు. ఆ గుప్పెడు గింజలే రెక్కలకు బలం. తను ఎగ్గొట్టింది గింజల్ని కాదు, ఆ బలాన్ని.

నాగరత్నం అవ్వ తన మూట విప్పింది. దుంపలన్నీ లోయలోకి వదిలేసింది. "పోతే పోయాయిలే. అందరం బతికుంటే తవ్వుకోలేమా?" అంది.

బుట్ట కాస్త లేచి మళ్లీ దిగింది.

పోలయ్య తన మూట పడేశాడు. అందులో వేసవి అంతటికీ సరిపడా తినే వేళ్లు ఉన్నాయి. పడేస్తూ చేయి సింగారి మూటకు తగిలింది. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. "కడుపుతో ఉన్న పిల్ల తిండి ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు.

బుట్ట మళ్లీ కాస్త లేచి మళ్లీ దిగింది. సారంగమ్మ మెడ వేలాడుతోంది.

లోయ నడిమిలో ఒక పెద్ద బండరాయి ఉంది. దాని మీద డేగల గూళ్లు. కోటయ్య తాత తన మూట తీసి సింగారి ఒడిలో పెట్టాడు.

"ఇది నీ బిడ్డలకు తల్లీ" అన్నాడు. తర్వాత బుట్ట అంచు పట్టుకుని, "సారంగమ్మా, ఆ రాయి మీద నన్ను దింపెయ్. రేపు వచ్చి తీసుకెళ్దువుగాని" అన్నాడు.

"అక్కడ డేగలున్నాయి తాతా!" అంది సారంగమ్మ.

"నా మాంసం ముసలి మాంసం. వాటి పళ్లు ఊడతాయి" అని నవ్వబోయాడు తాత. చెవులు మాత్రం వణుకుతున్నాయి.

డేగలకు పళ్లుండవని తాతకు తెలుసు. సింగారికీ తెలుసు.

సింగారి కళ్లముందు ఒక పక్క అక్క పిల్లలు నలుగురు. పాలు చాలక ఏడుస్తున్న నోళ్లు. మరో పక్క కోటయ్య తాత వణికే చెవులు. నోరు తెరిస్తే మూడు చిప్పలూ పోతాయి. తెరవకపోతే తాత పోతాడు.

సింగారి నోరు తెరిచింది.

సారపప్పు జలజలా లోయలోకి రాలింది. పొట్టకు కట్టిన పట్టీ కొరికేసింది. తోక విదిలించింది. మూడు చిప్పల పప్పూ వానలా కిందికి పోయింది. బుట్ట ఒక్కసారి చివ్వున పైకి లేచింది. రెక్కలు మళ్లీ నిండుగా ఆడాయి.

బుట్టలో అందరూ సింగారి సన్నటి పొట్ట వంక చూశారు.

"నేను కడుపుతో లేను తాతా" అంది సింగారి వెక్కుతూ. "అబద్ధం ఆడాను. అక్క బాలింత, తిండి లేదు. సుంకానికి గింజలు లేవు. అందుకని దాచాను. నావల్లే అవ్వ దుంపలు పోయాయి. నావల్లే పోలయ్య మావయ్య వేళ్లు పోయాయి. నువ్వు కూడా..."

ఊటకొండ మీద బుట్ట దిగింది. సింగారి తన ఒక్క మూట, తాత ఇచ్చిన మూట తీసి అవ్వ ముందు, పోలయ్య ముందు పెట్టింది. "మీరు పోగొట్టుకున్నది ఇది కాదు. కానీ నా దగ్గర ఉన్నది ఇంతే" అంది.

సారంగమ్మ రెక్కలు ముడుచుకుని ఆమె దగ్గరకు వచ్చింది. కోప్పడుతుందని సింగారి కళ్లు మూసుకుంది.

"పిచ్చిదానా" అంది సారంగమ్మ. "బాలింతకు తిండి అని ఒక్క మాట చెబితే, రెండోసారి ఎగిరి తెచ్చేదాన్ని కదే. గురవయ్య రోజూ గొంతు చించుకునేది ఎందుకు? ఇబ్బంది ఉంటే చెప్పమని కాదూ?"

సింగారికి ఏడుపు ఆగలేదు.

నాగరత్నం అవ్వ మూటలు రెండూ మళ్లీ సింగారి చేతిలోనే పెట్టింది. "ముందు మీ అక్క దగ్గరకు పద. పాలిచ్చే తల్లి తిన్నాక మనం తిందాం" అంది.

అందరూ కలిసి బంగారి తొర్ర దగ్గరకు వెళ్లారు. పోలయ్య కొండ తవ్వి నాలుగు దుంపలు తెచ్చాడు. కోటయ్య తాత చిగుళ్లు కోసుకొచ్చాడు. ఉన్నదాంట్లోనే తలా కాస్త తిన్నారు. నాలుగో రోజు తెల్లవారేసరికి ఇప్పచెట్ల కింద తియ్యటి పూలు పరుపు పరిచినట్టు రాలి ఉన్నాయి. ఇక ఎవరికీ లోటు లేదు. బంగారి పిల్లలు నలుగురూ తాత చెవుల మీద జారుడుబండ ఆడుకున్నారు.

వాళ్లను చూసినప్పుడల్లా సింగారి గుండె నిండిపోయేది. ఆ తాత లేకపోయి ఉంటే అనుకుంటేనే భయం వేసేది. వేసవి అంతా రోజూ పొద్దున్నే తాతకు మోకాళ్లు పిసికింది. అవ్వకు దుంపలు, మావయ్యకు వేళ్లు వెతికి తెచ్చింది. ఎవరూ అడగలేదు. అయినా తెచ్చింది.

మరుసటి ఏడు మళ్లీ ప్రయాణాల కాలం వచ్చింది. సింగారి సగం చిప్పే మూట కట్టుకుని వచ్చింది.

"ఇదేంటమ్మా, నీకు ఇంకా సగం జాగా ఉంది" అన్నాడు గురవయ్య.

"ఉండనీ బాబాయ్" అంది సింగారి.

బుట్ట దగ్గర ఒక చుంచెలుక బెరుకుగా నిలబడి ఉంది. పొట్ట ఎత్తుగా ఉంది. ఈసారి నిజంగానే కడుపు. చేతిలో ఒకటిన్నర చిప్ప తిండి. తక్కెడ వంక చూస్తూ, మూట వెనక్కి దాచుకుంటోంది.

సింగారికి ఆ చూపు బాగా తెలుసు. దగ్గరకు వెళ్లి, "దాచకు. నోరు తెరిచి చెప్పు" అంది మెల్లగా.

"నా దగ్గర సుంకానికి గింజలు లేవక్కా" అంది చుంచెలుక.

"నా జాగాలో పెట్టు" అంది సింగారి.

చుంచెలుక కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు నేనేం ఇవ్వాలక్కా?"

సింగారి బుట్టలోని మెత్తటి గడ్డి మూల చూపించింది. "ఆ మూల ఒక తాత నాకు ఇచ్చాడు. ఇవాళ నువ్వు కూర్చో. రేపు నువ్వు ఇంకొకరికి ఇద్దువుగాని."

ఆ రోజు నుంచి ఆ బుట్టలో ఎప్పుడూ సగం చిప్ప పట్టే చోటు ఖాళీగా ఉంచుతారు. ఎవరికి ఇబ్బంది అయితే వాళ్లు అందులో పెట్టుకుంటారు, ముందు నోరు తెరిచి చెప్పి. దాన్ని అక్కడ అందరూ సింగారి జాగా అంటారు.

నీతి: అందరూ సర్దుకుని కూర్చున్న చోట మన బరువు దాచిపెడితే అది పక్కవాళ్ల మీద పడుతుంది. ఇబ్బంది ఉంటే చెప్పి జాగా అడగాలి, ఇచ్చినవాళ్లను తలుచుకుని మనమూ ఒకరికి జాగా ఇవ్వాలి.