రెండు తాళాల గది

“సాధారణ నామ సంవత్సరం, ఎండాకాలం,” అన్నారు పరదేశయ్యగారు.

శిష్యుడు సాంబన్న అడిగినదానికి అది జవాబులా లేదు. “అయ్యగారూ, విలువైనదాన్ని కాపాడడానికి ఒక్కరిని నమ్మలేనప్పుడు, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచేలా ఇద్దరిని పెడితే మేలు కదా?” అని అడిగాడతను. అయ్యగారు వాదం పెట్టుకునే మనిషి కాదు. ఎక్కడో జరిగినదొకటి, ఏ ఏడో ఏ కాలమో చెప్పి మొదలుపెట్టి, చెప్పి ఊరుకునేవారు. ఆ రోజూ అంతే చేశారు.

ఆ ఎండాకాలానికి మల్లభూపతి ఆరేళ్లవాడు, ఒక గుట్ట మీది దుర్గానికి రాజు. తల్లీ తండ్రీ లేరు. వాడి పేరు మీద రాజ్యం చూసేవాళ్లు ఇద్దరు: మేనమామ గోపరాజు, సేనలను నడిపే దళవాయి అక్కపనాయుడు. పిల్లవాడు ఎవరి ఒళ్లో ఉంటే ఆజ్ఞ వాళ్లది. అందుకే రెండోవాడు వాణ్ణి ఎత్తుకుపోతాడని ఇద్దరికీ ఒకటే బెంగ. మధ్యాహ్నం వాడు పడుకునే గదికి రెండు తాళాలు వేయించారు. ఒక తాళంచెవి ఈయన మొలలో, ఒకటి ఆయన మొలలో. దాది పోలమ్మను లోపల ఉండనివ్వలేదు, ఆమె ఎదుటివాడి మనిషేమోనని. నీళ్ల కూజా పెట్టనివ్వలేదు, అందులో ఎవరేం కలుపుతారోనని. సాయంత్రం రెండో తాళం తీసినవాడే తలుపు తీసినవాడని లెక్క. ఆ గౌరవం ఒకరోజు ఈయనకి, మరునాడు ఆయనకి.

ఆ రోజు పొద్దున పిల్లవాడి ఒళ్లు కాలుతోందని పోలమ్మ వెళ్లి చెప్పింది. “ఈ మాట చెప్పమని నిన్నెవరు పంపారే?” అన్నాడు దళవాయి. మేనమామా అదే అడిగాడు. మధ్యాహ్నానికి తాళాలు పడ్డాయి.

ఎండ తెల్లగా, పాలు ఒలికినట్టు పరుచుకుంది. దుర్గమంతా నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. రాళ్లు గాలిలో తేలుతున్నట్టు కనపడుతున్నాయి. గడప బయట కూర్చున్న పోలమ్మకీ కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు వినపడింది, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు: “దాదీ, నీళ్లు.”

ఆమె పరుగెత్తింది. పెద్దలిద్దరూ వచ్చారు. వెంటనే వచ్చారు, అందులో తప్పు పట్టడానికి లేదు.

“ముందు మీది తియ్యండి నాయుడుగారూ. ఇవాళ వంతు నాది,” అన్నాడు గోపరాజు.

“మీది సాయంత్రం వంతు. సాయంత్రం ఎక్కడైంది? వేళగాని వేళ తలుపు తియ్యాలంటే అది ఆపద. ఆపదలో దళవాయిదే మాట.”

“జ్వరం మీదికి దండు కడతారా ఏం?”

“అక్క కొడుకని చెప్పి కోటంతా ఆక్రమించారు. ఇంక మిగిలింది ఈ తలుపొక్కటే, అదీ కావాలా?”

“బాబయ్యా, మీ కాళ్లకి మొక్కుతాను,” అంది పోలమ్మ. “ఎవరు తీస్తే ఏమి, బిడ్డకి గొంతు ఎండిపోతోంది.”

“నువ్వుండవే!” అన్నారిద్దరూ. ఆ ఒక్కటీ కలిసి అన్నారు.

ఆమె కావలివాడి వైపు తిరిగింది. వాడి చేతిలో గొడ్డలి ఉంది. “రాజుగారి తలుపు మీద దెబ్బ వేస్తే చేతులు నరుకుతారమ్మా,” అని వాడు మెల్లగా చెప్పి, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. పోలమ్మ చెంబులో నీళ్లు గడప మీద పోసింది. గడప ఎత్తు. నీళ్లు వెనక్కి వచ్చి ఆమె పాదాలే తడిపాయి.

ఇంక చేసేది లేక ఆమె తలుపు సందుకి నోరు ఆనించింది.

“నాయనా, వింటున్నావా? ఏరు గుట్టెక్కి వస్తోంది, నిన్ను చూడ్డానికి.”

“గుట్టెక్కుతుందా?”

“రాజుగారిని చూడాలంటే ఎక్కవద్దూ? మెట్లన్నీ ఎక్కేసింది. ఇదిగో, నీ మంచం కింద చేరింది. కాలు కిందికి పెట్టి చూడు.”

లోపల మంచం కిర్రుమంది.

“చేపలున్నాయి దాదీ,” అన్నాడు పిల్లవాడు. “చల్లగా ఉన్నాయి. మామయ్యా వాళ్లూ ఏం చేస్తున్నారు?”

“ఆడుకుంటున్నారు నాయనా.”

“మంచం తేలుతోంది,” అన్నాడు వాడు, ఆనందంగానే.

ఆమె ఇంకా చెబుతూ పోయింది. ఏరు ఏ ఊళ్ల మీదుగా పోతుందో, ఒడ్డున ఎవరెవరు నిలబడి చేతులు ఊపుతున్నారో, నీళ్లలో వంగిన జమ్ము ఎలా పక్కకి జరిగి రాజుగారికి దారి ఇస్తోందో, అన్నీ చెప్పింది. లోపలి నుంచి జవాబు రావడం ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. గమనించాక కూడా ఆపలేదు.

చివరికి పెద్దలకు ఒక ఉపాయం తట్టింది. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. శంఖం ఊదించి, ఆ మోతకి ఇద్దరూ ఒక్కసారిగా తాళంచెవులు తిప్పాలి. ఇద్దరి మొహాలూ తేటపడ్డాయి. “ముందే తట్టి ఉంటే బాగుండేది,” అని గోపరాజు అంటే, “ఇక మీద రోజూ ఇలాగే చేద్దాం,” అని దళవాయి అన్నాడు. శంఖం ఊదేవాడు కింది మండపంలో నిద్రపోతున్నాడు. వాణ్ణి లేపి, మొహం కడిగించి, పైకి తెచ్చారు. శంఖం మోగింది. రెండు చేతులూ కదిలాయి. తలుపు తెరుచుకుంది. పోలమ్మ చెంబు పట్టుకుని వాళ్లిద్దరి మధ్య నుంచి లోపలికి వెళ్లింది.

అయ్యగారు అక్కడితో ఆపారు. సాంబన్న కాసేపు ఆలోచించాడు.

“మరి అయ్యగారూ, శంఖం మోగినా ఎవరో ఒకరి చెయ్యి రవ్వంత ముందు తిరిగి ఉంటుంది కదా. ఎవరిది?”

“ఎవరిదీ కాదు. సరిగ్గా ఒక్కసారే తిప్పారు,” అన్నారు పరదేశయ్యగారు. “పిల్లవాడు అప్పటికే పోయాడు.”