బొరియలో నిప్పు బయటిది కాదట!

ఆ ఏడు చిట్టిమెట్ట అడవిలో వాన చుక్క లేదు. వాగు ఎండి ఇసుక తేలింది. కుందేలు నడిచినా గడ్డి కరకరలాడేది. అందుకని అడవికి పెద్ద అయిన దున్న జంతువులన్నిటినీ పిలిచి ఒక కట్టడి పెట్టింది.

"నేల తడిసేలా వాన పడేదాకా బయట ఎవరూ నిప్పు పెట్టకూడదు. పెట్టినవాళ్లు అడవి విడిచి పోవాల్సిందే."

అన్నీ సరేనన్నాయి. నక్క ఒక్కటే మూతి ముడిచింది. ఏటా వానలకు ముందు ముదురు గడ్డి తగలబెట్టడం ఆ అడవి ఆనవాయితీ. మిగతావి కొత్త చివుళ్ల కోసం ఆ పని చేస్తే, నక్క మాత్రం మంటకు బెదిరి పరుగెత్తుకొచ్చే కుందేళ్ల కోసం చేసేది. కూర్చున్న చోటికే కూడు నడిచివస్తుంటే ఎవరు వదులుకుంటారు చెప్పండి!

"ఆనవాయితీ తప్పితే అరిష్టం కదా పెద్దయ్యా!" అంది నక్క.

"అడవి కాలిపోతే అంతకన్నా అరిష్టం. ఇంటికి పో," అంది దున్న.

నక్క అంత తేలిగ్గా వదిలే రకమా! మర్నాడు ఊరి శివారున కుమ్మరి కుండలు కాల్చే ఆవం దగ్గరికి వెళ్లి, కుండపెంకులో నిప్పుకణికలు తెచ్చుకుంది. దాని బొరియకు రెండు కన్నాలు. ముందుది బాట వైపు, వెనకది సరిగ్గా గడ్డిలోకి. లోపల నిప్పు రాజేస్తే చాలు, రవ్వల్ని గాలే గడ్డిలోకి మోసుకుపోతుంది. తప్పేమో గాలిది, కుందేళ్లేమో నక్కవి.

ఆ వెనక కన్నం పక్కనే, గడ్డిలో, పూరేడుపిట్ట నేలమీద గుడ్లు పొదుగుతోంది. తను ఎగిరిపోగలదు, గుడ్లు ఎగరలేవు. నక్క చేతిలో పెంకును చూడగానే ఒక్క ఉరుకున పోయి దున్నను వెంటబెట్టుకొచ్చింది.

"ఏంట్రా ఆ నిప్పు?" గద్దించింది దున్న.

"కట్టడి బయట పెట్టే నిప్పుకే కదా పెద్దయ్యా? నేను నా ఇంట్లో పెట్టుకుంటున్నాను. నా పొయ్యి, నా ఇష్టం. లోపల కూడా వద్దని మీరు చెప్పలేదే!"

దున్న తన కట్టడిని మళ్లీ గుర్తు చేసుకుంది; 'బయట' అనే అంది. చెప్పిన మాట చెప్పిందే మరి. అప్పుడు పిట్ట ముందుకొచ్చింది.

"బావ అన్నది న్యాయమే. కానీ బావా, వెనక కన్నంలోంచి ఒక్క రవ్వ ఇవతల పడినా అది బయటి నిప్పేగా?"

"పడితేనేగా!"

"పడకుండా మూసేద్దాం. నీ మీద మాట రాకుండా ఉంటుంది."

నక్క నోరు తెరిచేలోగా దున్న గిట్టలతో తన్ని, ఆ కన్నాన్ని మట్టితో పూడ్చేసింది.

"ఇంకొక్క మాట," అంది పిట్ట. "పొయ్యి వెలుగుతుంటే ఇల్లు వదిలిపోతే ఎలా? నిప్పు ఆరేదాకా నువ్వూ లోపలే ఉండాలి."

"ఉండక ఎక్కడికి పోతాను!" అంటూ నక్క బింకంగా లోపలికి దూరి నిప్పు రాజేసింది. ఇప్పుడు వెనక్కి తగ్గితే తన ఎత్తు తనే బయటపెట్టుకున్నట్టవుతుంది. దున్న వెళ్లి ముందు కన్నానికి అడ్డంగా నిలబడింది.

కాసేపటికి లోపల్నుంచి దగ్గు మొదలైంది.

"పెద్దయ్యా, కాస్త జరగండి! గాలి పీల్చుకుని వస్తాను!"

"నిప్పు ఆరిందా?"

"ఇంకా లేదండీ!"

"అయితే ఇంట్లోనే ఉండు. నీ పొయ్యి, నీ ఇష్టం."

ఇక చూడండి, లోపల తవ్వుడే తవ్వుడు! రాజేసిన నిప్పును తనే మట్టి ఎత్తిపోసి చల్లార్చి, మీసాలు మాడి, కళ్లనీళ్లు కార్చుకుంటూ నక్క పాక్కుంటూ బయటికొచ్చింది. దున్న బొరియలో మూతి పెట్టి చూసి, కణికలన్నీ ఆరాయని తలూపింది.

"ఇవాళ్టినుంచి లోపలా వద్దు, బయటా వద్దు," అంది.

"ఇంతకీ ఆ వాన ఎప్పుడు పడుతుందే?" అని రొప్పుతూ పిట్టను అడిగింది నక్క.

"ఇప్పుడడిగావు బావా సరైన మాట! మేమంతా చూస్తున్నది దానికోసమే," అని పూరేడుపిట్ట దర్జాగా పోయి గుడ్లమీద కూర్చుంది.

నీతి: పదిమంది ప్రాణాల కోసం పెట్టిన కట్టడిలో సందు వెతికితే, ముందు ఊపిరాడనిది వెతికినవాడికే.