తనను తానే కన్న తాటాకు

మీ తాతకి తాత కూడా పుట్టని రోజుల్లో, అనగనగా ఒక రాజు. ఆయన పేరు పద్మకేతుడు. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు కత్తి తిప్పితే గాలి పక్కకి జరిగేది. నడిపివాడు వీరసేనుడు గుర్రమెక్కితే గుర్రమే భయపడేది. చిన్నవాడు కువలయుడికి కత్తీ పట్టుబడలేదు, గుర్రమూ పట్టుబడలేదు. ఆస్థాన లేఖకుడి పక్కన కూర్చుని, గంటం పట్టి తాటాకుల మీద రాసుకుంటూ ఉండేవాడు. "ఇదీ ఒక రాచకొడుకేనా" అని కోటలో వంటవాళ్ళు కూడా నవ్వుకునేవాళ్ళు. నవ్వనీండి, వాళ్ళకేం పోయింది.

ఒకనాడు ఒక కబురు వచ్చింది. ఏడు సముద్రాల అవతల పగడాల దీవిని కంకాళుడనే మాంత్రికుడు పట్టుకున్నాడట. ఆ దీవి రాజకుమారి మందారికని చెరపట్టాడట. పెద్దవాడు మీసం దువ్వి బయల్దేరాడు, తిరిగి రాలేదు. నడిపివాడు తొడ చరిచి బయల్దేరాడు, తిరిగి రాలేదు. అప్పుడు కువలయుడు నడుముకి గంటం దోపుకుని లేచాడు.

"నాయనా, ఉన్న ఒక్కడివీ నువ్వూ పోతే మీ అమ్మకి నేనేం చెప్పను?" అన్నాడు రాజు.

"అన్నయ్యలని తీసుకురావడానికి వెళ్ళాడని చెప్పండి, నాన్నగారూ."

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. కువలయుడు దాన్ని తిరగేసి నిలబెట్టాడు. తాబేలు సిగ్గుపడి, "మూడు రోజులుగా ఆకాశం చూస్తున్నా బాబూ, విసుగొచ్చేసింది. నీకేం కావాలో చెప్పు" అంది. ఇంకేముంది, దాని వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు సముద్రాలు దాటాడు, మూడు దాటాడు, అలా అలా ఏడు సముద్రాలూ దాటి పగడాల దీవిలో దిగాడు.

కంకాళుడు పెద్ద మండపంలో కూర్చుని ఉన్నాడు. పక్కన పంజరంలో ఒక చిలక. ఎదురుగా వరసగా నూరు చెక్కబొమ్మలు, ఒక్కోదాని చేతిలో ఒక్కో గంటం. ఆ వరసలో మొదటి బొమ్మ గంటాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. కువలయుడు దగ్గరికెళ్ళి చూశాడు. పెద్దన్నది ఎడమచేతి వాటం. దాని పక్కబొమ్మ తొడ మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. అది చిన్నన్న.

"ఇంకోడొచ్చాడు" అని కంకాళుడు సంతోషించాడు. "విను కుర్రాడా. నా ప్రాణం ఈ చిలకలో ఉంది. కత్తికి చావదు, నిప్పుకి కాలదు. తనను తానే కన్న తాటాకు కనబడిన రోజున మాత్రం చిలక ఎగిరిపోతుందని నాకు వరం. నీకు మూడు ఆకులిస్తాను. ఆకు మీద బొమ్మకి ఒక పని రాయి. చిలక చదువుతుంది, బొమ్మ ఆ పని చేస్తూ ఇంకో ఆకు మీద రాస్తుంది. రెండాకులూ అక్షరం పొల్లు పోకుండా ఒక్కటే కావాలి. కాకపోతే నువ్వు నూట ఒకటో బొమ్మవి."

"బొమ్మ నా ఆకుని చూసి రాయొచ్చా?"

"దానికి కళ్ళెక్కడివి? చెవులే. అదీ పని వినగానే చెయ్యడం మొదలుపెడుతుంది, వెనక విన్నది మర్చిపోతుంది. నీ పెద్దన్న 'చూసి రాయి' అని రాసి బొమ్మయ్యాడు. ఇంకో మాట, ఖాళీ ఆకు తెస్తే చెల్లదు. ఆ తెలివి ముందే ఒకడు చూపించాడు."

తాటాకులు ఉడకబెట్టే పాకలో మందారిక ఉంది. పచ్చి ఆకుల్ని పసుపునీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, అంచులు కోసి ఇవ్వడం ఆమె పని. చేతులు మోచేతుల దాకా పసుపుగా ఉన్నాయి. మొదటి ఆకు అందిస్తూ, "మీకు ముందు నూరుమందికిచ్చాను. చేతులకి ఎప్పుడూ పసుపే, పండగ మాత్రం ఒక్కనాడూ చేసుకోలేదు" అంది.

కువలయుడు ఆలోచించి రాశాడు: 'తరవాత వినేదంతా రాయి. చందమామ.' చిలక చదివింది. బొమ్మ చరచరా రాసింది: 'చందమామ.' అంతే. మొదటి మాట గల్లంతు. కంకాళుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

రెండో ఆకు మీద ఇలా రాశాడు: 'తరవాత వినేదంతా రాయి. తరవాత వినేదంతా రాయి. చందమామ.' బొమ్మ రాసింది: 'తరవాత వినేదంతా రాయి. చందమామ.' మళ్ళీ ఒకటి తక్కువ. కంకాళుడు ఈసారి పీట మీంచి కిందపడి నవ్వాడు.

కువలయుడు పాకలోకి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు. పాడైన ఆకుల గుట్టలోంచి ఒక చెదపురుగు తల బయటికి పెట్టింది.

"నేను బొమ్మలు రాసిన ఆకులన్నీ తిన్నాను బాబూ. ఏ ఆకులోనూ తల లేదు, అన్నీ మొండేలే. పని చెప్పే మాట ఎప్పుడూ పోతుంది."

"పని చెప్పే మాటని బొమ్మ మింగేస్తుంది" అన్నాడు కువలయుడు నెమ్మదిగా. "ఒకటి మింగుతుంటే, మనం రెండు రాయించాలి."

మూడో ఆకు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇదే ఆఖరిది. 'తరవాత వినేదంతా రెండుసార్లు రాయి' అని గీశాడు. దాని పక్కన ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే మందారిక, "కాస్త మజ్జిగ తాగండి" అంది. తాగి మళ్ళీ ఆకు పట్టుకున్నాడు.

మీకు తెలుసో లేదో, గంటంతో గీసిన అక్షరం వెంటనే కనబడదు. పైన మసి పూస్తేనే నల్లగా తేలుతుంది. అందుకని కువలయుడికి ఆ వాక్యం రాశానో లేదో అనుమానమొచ్చింది. రాయలేదేమోననుకుని మళ్ళీ గీశాడు. మందారిక వచ్చి మసి రుద్దింది. ఒకే వాక్యం రెండుసార్లు తేలింది.

"అయ్యో, రెండుసార్లు రాశారు. గీసింది చెరపడానికి కూడా లేదు" అంది మందారిక. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కువలయుడు తల పట్టుకున్నాడు. ఆకు వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తరవాత లేచి నిలబడి ఆ చెదపురుగుకి దణ్ణం పెట్టాడు.

మండపంలో చిలక చదివింది: "తరవాత వినేదంతా రెండుసార్లు రాయి." ఎడమచేతి బొమ్మ గంటం ఎత్తింది. చిలక రెండో వాక్యం చదివింది: "తరవాత వినేదంతా రెండుసార్లు రాయి." బొమ్మ దాన్ని ఒకసారి రాసింది. ఇంకోసారి రాసింది. గంటం దించింది.

కంకాళుడు రెండాకులూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకి ఎత్తి చూశాడు. అక్షరం మీద అక్షరం కూర్చుంది. తిరగేశాడు, బోర్లించాడు, కళ్ళు నులుముకున్నాడు. పంజరం తలుపు దానంతటదే తెరుచుకుంది. "చదివి చదివి నా గొంతు ఎండిపోయింది, నాయనా" అని చిలక రివ్వున ఎగిరిపోయింది. "నా ప్రాణం, నా ప్రాణం" అంటూ మాంత్రికుడు దాని వెనకాల పరిగెత్తాడు. ఇవాళ్టికీ పరిగెడుతున్నాడనే నా నమ్మకం.

ఎడమచేతి బొమ్మ వేళ్ళు కదిలాయి. చెక్క కాస్తా చర్మమైంది. శూరసేనుడు కళ్ళు విప్పి, "తమ్ముడూ, నువ్వట్రా" అన్నాడు. తను రాసిన ఆకుని పక్కబొమ్మకి చదివాడు. ఆ బొమ్మ అదే ఆకు రాసి వీరసేనుడై లేచింది, వీరసేనుడు ఆ ఆకుని తన పక్కబొమ్మకి చదివాడు. ఆకు ఆకుని కంది, బొమ్మ మనిషైంది, ఒకరి వెనక ఒకరుగా నూరుమందీ లేచారు. మండపమంతా కౌగిలింతలూ ఏడుపులూ నవ్వులూ.

మందారిక పసుపు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఇక నాకు ఆకులు ఉడకబెట్టే పని లేదన్నమాట."

"ఉంది. పెళ్ళి శుభలేఖలు రాయొద్దూ?" అన్నాడు కువలయుడు.

తాబేలు ముగ్గురన్నదమ్ముల్నీ రాజకుమారినీ ఎక్కించుకుని, బరువెక్కువైందని దారంతా సణుగుతూ ఏడు సముద్రాలూ దాటించింది. అన్నలిద్దరూ తమ్ముడికే సింహాసనం అన్నారు. పెళ్ళి పదహారు రోజులు జరిగింది. కువలయుడూ మందారికా అరవై ఏళ్ళు చల్లగా ఏలారు, ఆ రాజ్యంలో తాటాకు మీద రాయడం రానివాడు లేకుండా పోయాడు.

అదంతా తరవాతి మాట. ముందు ఆ మొదటి రోజు, ముగ్గురు కొడుకులూ కోట గుమ్మంలో నిలబడితే వాళ్ళమ్మకి నమ్మకం కుదరలేదు. దగ్గరికొచ్చి ముగ్గురి చెంపలూ వరసగా గిల్లింది. ముగ్గురూ "అబ్బా" అన్నారు. అప్పుడు ఆవిడ గుమ్మంలోనే కూర్చుని కరువుదీరా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అన్నాలు వడ్డించడానికి లేచింది.